సర్వీస్ ఇంజినీర్ రాకముందే జరగవలసిన నిర్వహణ

హైదరాబాదు చుట్టుపక్కల జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల్లోని ఏ మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబులోకి వెళ్లినా బల్లల మీద వరుసగా హెచ్‌పీఎల్‌సీలు, అంటే ద్రావణంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రాలు, కనిపిస్తాయి. ప్రతి యంత్రానికీ ఒక కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) స్టిక్కరు, దాని మీద గడిచిన తేదీ, రాబోయే తేదీ రాసి ఉంటాయి. ఆ స్టిక్కరు చెప్పేది ఒక్కటే: ఫలానా రోజున పరీక్షించినప్పుడు ఈ పరికరం నిర్ణీత పరిమితులకు లోబడి పనిచేసింది. ఈ రాత్రి పెట్టిన సీక్వెన్సు (వరుసగా నడిచే శాంపిళ్ల జాబితా) తెల్లవారేదాకా ఆగకుండా నడుస్తుందా, రెండు నెలల తరవాత కూడా ఒక పదార్థాన్ని సూచించే ఇదే పీకు ఇదే సమయానికి వస్తుందా అన్న ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు. చాలా కాలంగా ల్యాబుల్లో పనిచేస్తున్న నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, కాలిబ్రేషనుకు మనం ఇచ్చే శ్రద్ధలో సగమైనా రోజువారీ నిర్వహణకు ఇవ్వడం లేదు. ఆ రెండు తేదీల మధ్య పరికరం నమ్మకంగా పనిచేయడమన్నది మాత్రం చాలావరకు ఈ రోజువారీ నిర్వహణ మీదే ఆధారపడి ఉంది, దాన్ని చేయగలిగిన మనిషి పరికరం ముందు ప్రతిరోజూ నిలబడి పరీక్షలు చేసే ఎనలిస్టే.

ఈ ఆలోచన ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. టొయోటా సమూహానికి చెందిన నిప్పాన్‌డెన్సో సంస్థలో, యంత్రాలు స్వయంచాలకంగా మారుతున్న కొద్దీ వాటిని చూసుకోవడానికి నిర్వహణ విభాగంలోని సిబ్బంది సరిపోలేదు. అప్పటిదాకా నడిపేవాళ్లు నడపడం, బాగుచేసేవాళ్లు బాగుచేయడం అన్న విభజన ఉండేది. ఆ సంస్థ శుభ్రపరచడం, నూనె వేయడం, బోల్టులు బిగించడం, అసాధారణ లక్షణాలను గుర్తించడం వంటి రోజువారీ పనులను యంత్రం నడిపేవాళ్లకే అప్పగించి, నిర్వహణ సిబ్బందిని లోతైన మరమ్మతుల మీద, పరికరాలను మెరుగుపరచడం మీద దృష్టి పెట్టమంది. ఈ కృషికి 1971లో దానికి జపాన్‌లో ఉత్పాదక నిర్వహణకిచ్చే బహుమతి లభించింది. సెయిచి నకజిమా ఈ పద్ధతికి శాస్త్రీయమైన రూపమిచ్చి ప్రచారం చేశారు. సంపూర్ణ ఉత్పాదక నిర్వహణ అన్న పేరుతో, పరిశ్రమల్లో అందరి నోటా టీపీఎంగా, అది ప్రపంచమంతటికీ పాకింది. మన దగ్గర కూడా మందుల కంపెనీల ఉత్పత్తి విభాగాల్లో టీపీఎం బోర్డులు కనిపిస్తాయి కానీ, అదే ప్రాంగణంలో ఉన్న క్యూసీ ల్యాబు గడప దగ్గర ఆ ప్రయత్నం తరచూ ఆగిపోతుంది. ల్యాబు పరికరాలు సున్నితమైనవి, ఖరీదైనవి, వాటిని కంపెనీ ఇంజినీరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదన్న భయమే దీనికి కారణమని నేను అనుకుంటాను.

టీపీఎం బోధించే విషయాల్లో ల్యాబుకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది అరుగుదలను రెండు రకాలుగా విడదీసి చూడడం. సక్రమంగా వాడుతున్నా కాలక్రమంలో తప్పని అరుగుదల మొదటిది. శుభ్రం చేయకపోవడం వల్ల, తప్పుగా వాడడం వల్ల, చిన్న లోపాన్ని అలాగే వదిలేయడం వల్ల మనమే తెచ్చిపెట్టే అరుగుదల రెండోది. మొదటిదాన్ని ముందుగా అంచనా వేసి భాగాలు మార్చుకోవచ్చు. రెండోదానికి ఎంత మంచి సర్వీసు ఒప్పందం ఉన్నా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఇంజినీరు కొత్త సీలు వేసి వెళ్లిన మర్నాటి నుంచే పాత కారణం మళ్లీ తన పని తాను చేసుకుపోతుంది.

హెచ్‌పీఎల్‌సీ పంపులో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పంపు లోపల సఫైరుతో చేసిన సన్నటి ప్లంజరు ముందుకూ వెనక్కూ కదులుతుంటే, దాని చుట్టూ ఉన్న పాలిమర్ సీలు ద్రవం బయటికి రాకుండా ఆపుతుంది. ప్రతి కదలికతోనూ ప్లంజరు మీద మొబైల్ ఫేజ్, అంటే శాంపిల్‌ను మోసుకెళ్లే ద్రవం, పలుచని పొరలా అంటుకుని సీలు వెనక్కి వస్తుంది. ఆ మొబైల్ ఫేజ్‌లో ఫాస్ఫేట్ బఫరు (పీహెచ్ మారకుండా ఉంచే లవణ ద్రావణం) ఉండి, పంపును రాత్రికి అలాగే ఆపేస్తే, నీరు ఆవిరై ప్లంజరు మీద లవణ స్ఫటికాలు మిగులుతాయి. మర్నాడు పంపు మొదలవగానే ఆ స్ఫటికాలు సీలును గీసేస్తాయి. నెలల తరబడి పనిచేయవలసిన సీలు వారాల్లో కారడం మొదలుపెడుతుంది. సీలు నుంచి రాలిన పొడి చెక్ వాల్వులోకి చేరి, అందులోని రూబీ గుళిక తన పీఠం మీద సరిగ్గా కూర్చోకుండా చేస్తుంది. అప్పుడు ప్రెజరు ఊగిసలాడుతుంది, పీకులు వచ్చే సమయం అటూ ఇటూ జరుగుతుంది, ఒకే ద్రావణాన్ని ఐదుసార్లు ఎక్కించిన ఇంజెక్షన్ల మధ్య సాపేక్ష ప్రామాణిక విచలనం 2.0 శాతం దాటి సిస్టమ్ సూటబిలిటీ, అంటే యంత్రం ఆ పరీక్షకు తగినట్టుందో లేదో తేల్చే తనిఖీ, పోతుంది. లాగ్‌బుక్కులో ఇదంతా ‘పంపు చెడిపోయింది, సర్వీస్ కాల్ ఇచ్చాం’ అన్న ఒక్క వాక్యంగా మిగులుతుంది.

ఈ గొలుసును మొదట్లోనే తెంచడానికి చేయవలసింది చాలా తక్కువ. రన్ ముగిశాక ముందు అదే నిష్పత్తిలో బఫరు లేని నీరు, ద్రావణి మిశ్రమంతో లవణాన్ని కడిగి, ఆ తరవాతే సేంద్రియ ద్రావణి పాలు పెంచాలి. బఫరు ఉన్న లైనులోకి నేరుగా గాఢమైన అసిటోనైట్రైల్ పంపితే లవణం అక్కడికక్కడే అవక్షేపమై, గొట్టాల నుంచి పదార్థాలను వేరుచేసే కాలమ్ ముఖందాకా అడ్డుపడుతుంది. సీల్ వాష్ సదుపాయం ఉన్న పంపుల్లో ఆ సీసా ఖాళీ కాకుండా, సాధారణంగా 10 శాతం ఐసోప్రొపనాల్ కలిపిన నీటితో నింపి ఉంచాలి. నేను చూసినంతలో ల్యాబుల్లో అత్యంత నిర్లక్ష్యానికి గురయ్యే సీసా ఇదే. బఫరును ఏ రోజుకారోజు తయారుచేసి 0.45 మైక్రాన్ లేదా అంతకంటే సన్నని ఫిల్టరుతో వడకట్టాలి, సగం మిగిలిన పాత సీసాలో కొత్తది కలపకూడదు. కేవలం నీరో, నీటిపాలు ఎక్కువగా ఉన్న బఫరో రోజుల తరబడి గది ఉష్ణోగ్రతలో ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరిగి, సీసా అడుగున ఉండే ఇన్‌లెట్ ఫిల్టరును మూసేస్తాయి. అప్పుడు పంపుకు ద్రవం చాలక గాలి బుడగలు వస్తాయి, మనం ద్రవంలోని గాలిని తీసేసే డీగ్యాసరును అనుమానిస్తాం. వీటిలో ఏ పనికీ స్క్రూడ్రైవరు అక్కరలేదు, ఏ వారంటీకీ భంగం రాదు.

ఇక్కడ ఏడాదికి ఒకసారి జరిగే ప్రివెంటివ్ మెయింటెనెన్సు (ముందస్తు నిర్వహణ) గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ల్యాబుల్లో నిర్వహణ అంటే అదొక్కటే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళపు కోస్టల్ కమాండులో విమానాల మరమ్మతు లెక్కలను పరిశీలించిన జీవశాస్త్రవేత్త సి.హెచ్. వాడింగ్టన్ ఒక వింత గమనించారు. ప్రతి 50 గంటలకూ జరిగే నిర్ణీత తనిఖీ అయిన వెంటనే ఆకస్మిక మరమ్మతులు పెరిగి, ఆ తరవాతి గంటల్లో క్రమంగా తగ్గుతున్నాయి. అంటే సవ్యంగా ఉన్నదాన్ని విప్పి మళ్లీ బిగించడమే కొన్ని లోపాలకు కారణమవుతోంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్సుకు చెందిన నోలన్, హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం తయారుచేసిన నివేదిక ఇంకా ముందుకు వెళ్లింది. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో వయసుతో పాటు వైఫల్యం పెరిగే స్వభావం ఉన్నవి 11 శాతమే, 68 శాతం భాగాల్లో వైఫల్యాలు అమర్చిన కొత్తల్లోనే ఎక్కువగా ఉండి తరవాత తగ్గాయి.

విమానం మీద తేలిన శాతాలను యథాతథంగా హెచ్‌పీఎల్‌సీకి అంటగట్టడం తప్పవుతుంది. పంపు సీలు, ఇంజెక్టరులోని రోటర్ సీలు, సుమారు 2,000 గంటల ఆయుష్షున్న డ్యుటీరియం ల్యాంపు వంటివి నిజంగానే వాడకంతో అరిగే భాగాలు కాబట్టి వాటిని లెక్క ప్రకారం మార్చడం సబబే. ఆ లెక్క మాత్రం క్యాలెండరు మీద కాకుండా పంపు పంపిన ద్రవ పరిమాణం మీద, ఇంజెక్షన్ల సంఖ్య మీద, ల్యాంపు వెలిగిన గంటల మీద ఉండాలి. ఈ అంకెలను ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు వాటంతటవే నమోదు చేస్తున్నాయి. మూడు షిఫ్టులూ నడిచే యంత్రానికీ, వారానికి రెండు రోజులు నడిచే యంత్రానికీ ఒకే తేదీన ఒకే కిట్టు మార్చడంలో అర్థం లేదు. ఎలక్ట్రానిక్ బోర్డులు, సెన్సర్లు, డిటెక్టరు ఆప్టిక్సు వంటివాటిని ఏడాదికోసారి కదిలించడం వల్ల వచ్చే లాభం సందేహాస్పదమే. వాటికి కావలసింది లక్షణాలను కనిపెట్టి ఉండడం: ల్యాంపు శక్తి ఎంత, బేస్‌లైన్ నాయిసు (పీకు లేనప్పుడు కూడా గీతలో కనిపించే వణుకు) ఎంత, అదే మెథడులో అదే కాలమ్‌తో మొదటి నిమిషంలో ప్రెజరు ఎంత. ఈ మూడింటినీ రోజూ ఒక పట్టికలో రాసి గ్రాఫుగా గీస్తే, సీలు కారి బల్ల తడవడానికి వారం ముందే ఆ గీత సంగతి చెబుతుంది.

తూకపు యంత్రం విషయంలో ఇదే సూత్రం ఇంకో రూపంలో ఎదురవుతుంది. ధ్రువీకరించిన తూనికరాళ్లతో ఉదయం చేసే చెక్కు పాసైతే చాలనుకుంటాం. అమెరికా ఫార్మకోపియా (ఔషధ ప్రమాణాల గ్రంథం) 41వ అధ్యాయం ప్రకారం, పదిసార్లు తూచినప్పుడు వచ్చే ప్రామాణిక విచలనాన్ని రెట్టింపు చేసి, మనం తూచదలచిన అతి తక్కువ బరువుతో భాగిస్తే 0.10 శాతం దాటకూడదు. ఆ విచలనం 0.005 మిల్లీగ్రాములైతే 10 మిల్లీగ్రాముల వరకూ తూచవచ్చు. ఏసీ గాలి నేరుగా తగలడం వల్లనో, పక్క బల్ల మీద ధ్వని తరంగాలతో ద్రావణాలను కలిపే సోనికేటరు కదిలించడం వల్లనో అది 0.02కు పెరిగితే 40 మిల్లీగ్రాములకు తక్కువ తూచే అర్హత ఆ యంత్రానికి ఆ చోట ఉండదు. వంద గ్రాముల రాయి పెట్టి చేసే చెక్కులో ఈ తేడా బయటపడదు. మనం రిఫరెన్స్ స్టాండర్డును (పోల్చడానికి వాడే ప్రామాణిక పదార్థాన్ని) 20 మిల్లీగ్రాములు తూచుకుంటూ పోతుంటాం. కాబట్టి నీటి బుడగ మధ్యలో ఉందో లేదో చూడడం, పళ్లెం కింద పేరుకున్న పొడి తుడవడం, తలుపులు మూసి రీడింగు స్థిరపడేదాకా ఆగడం ఫలితాన్ని నేరుగా కాపాడే నిర్వహణ. పీహెచ్ మీటరు ఎలక్ట్రోడును డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ ఉంచకుండా 3 మోలార్ పొటాషియం క్లోరైడు ద్రావణంలో ఉంచడం కూడా అటువంటిదే.

శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ వైపు జీవశాస్త్ర ల్యాబుల్లో పనిచేసే మిత్రులకు నేను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు గురించి ప్రత్యేకంగా చెబుతుంటాను, ఎందుకంటే అది ఆగిపోతే పోయేది ఒక రన్ కాదు, ఏళ్ల తరబడి సేకరించిన శాంపిళ్లు. ఈ ఫ్రీజర్లలో ఎక్కువవాటికి ఒకదాని వేడిని ఇంకొకటి తీసుకునేలా అమర్చిన రెండు కంప్రెసర్లు ఉంటాయి. మొదటిది తన వేడిని కండెన్సరు ద్వారా గదిలోకి వదలాలి. ఆ కండెన్సరు ముందున్న జాలీ దుమ్ముతో మూసుకుపోతే, ఏప్రిల్, మే నెలల ఎండలో గది కూడా వేడెక్కితే, కంప్రెసరు విరామం లేకుండా నడిచి త్వరగా కాలిపోతుంది. తలుపు చుట్టూ మంచు పేరుకుంటే దాని అంచున ఉండే రబ్బరు గాస్కెట్ అతకదు, తేమ లోపలికి వచ్చి మంచు ఇంకా పెరుగుతుంది. జాలీని విప్పి దులపడం, గాస్కెట్ మీది మంచు తుడవడం, కరెంటు పోయి వచ్చాక ఉష్ణోగ్రత ఎంతసేపటికి తిరిగి దిగిందో రాయడం, ఈ మూడూ పరిశోధక విద్యార్థులు చేయగల పనులే. ఫ్రీజరు గోడకు ఎంత దగ్గరగా ఆనించి ఉందో కూడా ఒకసారి చూడమంటాను, చాలాచోట్ల స్థలం చాలక దానికి గాలి ఆడనివ్వరు.

టీపీఎంలో ఎనలిస్టు చేతికి వచ్చే భాగానికి ఏడు మెట్లున్నాయి, వాటిలో మొదటి రెండే ల్యాబుకు ప్రాణం. మొదటిది శుభ్రపరచడం, కానీ ఇది పై పై తుడుపు కాదు. పరికరాన్ని ఒక పూట ఆపి, మూతలు తీయగలిగినంతవరకు తీసి, ప్రతి గొట్టం కలిసే చోటునూ వేలితో తడిమి చూస్తూ శుభ్రం చేయాలి. ఎక్కడ తెల్లటి లవణపు మరక ఉందో అక్కడ లీకు ఉంది. కంటపడిన ప్రతి లోపానికీ ఒక చీటీ కట్టాలి, మనం సరిచేయగలదానికి ఒక రంగు, ఇంజినీరు చేయవలసినదానికి వేరే రంగు. రెండో మెట్టు, ఆ మురికి ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి దాన్ని ఆపడం, చేయి దూరని చోటుకు చేయి దూరేలా మార్చడం. హెచ్‌పీఎల్‌సీని గోడకు ఆనించి పెట్టి, వెనకనున్న వేస్టు గొట్టం వంగిపోయినా కనిపించని స్థితి ఉంటే, బల్లను ఒక అడుగు ముందుకు జరపడమే ఆ ఏడాది చేసిన మంచి నిర్వహణ కావచ్చు.

ఔషధ ల్యాబుల్లో ఒక న్యాయమైన అభ్యంతరం ఎదురవుతుంది. నియంత్రణ ఉన్నచోట ఎనలిస్టు పరికరం మీద చేయి వేయడం ప్రమాదం కాదా? అమెరికా ఫార్మకోపియా 1058వ అధ్యాయం పరికరాలను ఎ, బి, సి వర్గాలుగా విడదీసి, ఏ వర్గానికి ఎంత క్వాలిఫికేషన్ (పనికి తగినదని పరీక్షించి నిరూపించడం) కావాలో చెబుతుంది. పరీక్షా ల్యాబుల సామర్థ్యానికి సంబంధించిన ఐఎస్ఓ 17025 ప్రమాణపు 2017 ప్రతి, అధిక భారానికో తప్పు వాడకానికో గురైన, సందేహాస్పద ఫలితాలిచ్చిన పరికరాన్ని పక్కన పెట్టి, ఆ లోపం ప్రభావం ఎంతవరకు పడిందో చూడమంటుంది. ఇవేవీ ఎనలిస్టు శుభ్రపరచడాన్ని, గమనించడాన్ని వద్దనడం లేదు. గీత ఎక్కడ గీయాలో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడమే కావలసింది: ఫ్లషింగు, ఇన్‌లెట్ ఫిల్టరు మార్చడం, సీల్ వాష్ నింపడం వంటివి శిక్షణ పొందిన ఎనలిస్టువి, పంపు సీలు, ల్యాంపు మార్చితే సంబంధిత భాగానికి తిరిగి పరీక్ష చేశాకే వాడకం, ఆప్టిక్సు, బోర్డుల జోలికి ఇంజినీరే వెళ్లాలి. ఈ విభజన ఎస్ఓపీలో (రాతపూర్వక పనివిధానంలో) ఉంటే ఆడిటరు అడిగినప్పుడు తడుముకోవలసిన అవసరం ఉండదు.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. ప్రెజరు కొంచెం ఎక్కువగా ఉందని, ఇంజెక్టరు నుంచి కొత్త శబ్దం వస్తోందని రాసిన ఎనలిస్టును మెచ్చుకోవడం మాని, ఇన్సిడెంట్ ఫారం నింపమని, కారణం తేలేదాకా సంజాయిషీ ఇవ్వమని కూర్చోబెట్టే ల్యాబులున్నాయి. అక్కడ చిన్న లోపాలు కాగితం మీదికి రావడం ఆగిపోతుంది, పెద్ద బ్రేక్‌డౌన్లే మిగులుతాయి. లోపాన్ని ముందే చెప్పినవాళ్లకు రక్షణ లేనిచోట ఏ నిర్వహణ పద్ధతీ నిలవదు. అందుకే చీటీ కట్టడాన్ని డీవియేషన్ (నిర్ణీత పద్ధతి తప్పిందన్న అధికారిక నమోదు) నుంచి స్పష్టంగా వేరుచేయాలని, ఫలితం మీద ప్రభావం లేని ముందస్తు గమనికకు ఒక తేలికైన రిజిస్టరు ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఫలితం మీద ప్రభావం ఉండవచ్చనిపిస్తే అప్పుడు విచారణ తప్పదు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

కొలతల సంగతికి వస్తే, ఫ్యాక్టరీలు వాడే ఓఈఈని, అంటే లభ్యత, వేగం, నాణ్యతల లబ్ధాన్ని, ల్యాబుకు తెచ్చి 85 శాతం లక్ష్యంగా గోడ మీద రాయడం నాకు సమ్మతం కాదు. ల్యాబు పరికరం ఎప్పుడూ పూర్తి వేగంతో నడవవలసిన అవసరం లేదు. అత్యవసరమైన శాంపిల్ కోసం కొంత ఖాళీ ఉంచుకోవడం వృథా అనిపించుకోదు. దానికి బదులు రెండు లెక్కలు చాలు. మొదటిది, రెండు బ్రేక్‌డౌన్ల మధ్య సగటున పరికరం ఎన్ని గంటలు నడిచింది. రెండోది, మొదలుపెట్టిన సీక్వెన్సుల్లో ఎన్ని మధ్యలో ఆపకుండా, మళ్లీ ఇంజెక్టు చేయకుండా ముగిశాయి. ఉదాహరణకు ఒక యంత్రం నెలలో 400 గంటలు నడిచి రెండుసార్లు ఆగిందనుకుంటే మొదటి లెక్క 200 గంటలు వస్తుంది. అదే నెలలో 40 సీక్వెన్సుల్లో 10 మధ్యలో ఆగి, ఐదేసి నిమిషాల్లో సర్దుబాటయ్యాయనుకుంటే, బ్రేక్‌డౌన్ రిజిస్టరులో అవి ఎక్కడా కనిపించవు. గాలి బుడగ, వయల్ తగిలి ఆగిన సూది, ల్యాంపు వెలగకపోతే స్విచ్ ఆపి మళ్లీ వేయడం, ఇవన్నీ రేపటి పెద్ద ఆగుదలకు ముందస్తు సూచనలు. వాటిని లెక్కపెట్టడం మొదలుపెడితేనే సర్వీస్ ఇంజినీరుతో మాట్లాడడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది.

ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కుదుర్చుకునేటప్పుడు కూడా ఈ ఆధారం పనికొస్తుంది. కొనుగోలు విభాగం ధర చూస్తుంది, అది వాళ్ల పని. ఇంజినీరు ఎన్ని గంటల్లో రావాలి, ఏ స్పేర్లు మన స్టోరులోనే ఉండాలి, వచ్చిన ప్రతిసారీ మూలకారణం రాసి ఇవ్వాలా వద్దా అన్నవి ఒప్పందంలోకి రావాలంటే ల్యాబు తన లెక్కలతో ముందుకు రావాలి. విశ్వవిద్యాలయాల్లో పరిస్థితి ఇంకా కష్టం. ప్రాజెక్టు డబ్బుతో పరికరం కొంటారు, ప్రాజెక్టు ముగిశాక నిర్వహణకు పద్దు ఉండదు, ఒక చిన్న భాగం దొరకక లక్షల విలువైన యంత్రం గుడ్డ కప్పుకుని ఉంటుంది. పరికరం కోసం ప్రతిపాదన రాసేనాడే దాని ఆయుష్షంతటికీ అయ్యే నిర్వహణ ఖర్చును కలిపి అడగడం ఒక అలవాటు కావాలి.

ఈ పద్ధతి మొదలుపెట్టాలనుకునే ల్యాబు అన్ని పరికరాలనూ ఒకేసారి ఎత్తుకోకుండా, ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న ఒక్క హెచ్‌పీఎల్‌సీతో ఆరంభించడం మేలు. ముందు దాన్ని ఒక పూట పూర్తిగా ఆపి శుభ్రం చేసి, చీటీలు కట్టి, తరవాత రోజూ షిఫ్టు మొదట్లో పది నిమిషాలు, రన్ ముగిశాక ఫ్లషింగుకు కావలసినంతసేపు దానికి కేటాయించాలి. ఈ సమయాన్ని ఎవరు ఇస్తారన్నదే అసలు చిక్కు. నాకు తెలిసినంతలో ఈ అలవాటు నిలిచిన ల్యాబుల్లో సెక్షన్ హెడ్ రోజువారీ ప్లానింగ్ షీటులో శాంపిళ్లకు ఇచ్చినట్టే పరికరానికీ ఒక వరుస ఇచ్చి, బ్యాచి విడుదల ఒత్తిడి ఎంత ఉన్నా ఆ వరుసను కొట్టేయలేదు. నిలవని చోట్ల ఆ పనిని ఎనలిస్టు తీరుబడికి వదిలేశారు, క్యూసీలో తీరుబడి ఎవరికీ ఉండదు.